ఏడు సీట్లు, మూడు వందల ఓట్లు: కాలనీ కమిటీని న్యాయంగా ఎన్నుకునేదెలా?

కాలనీ కమిటీ ఎన్నిక మన దగ్గర రెండు రకాలుగా జరుగుతుంది. మొదటి రకంలో ఆదివారం పొద్దున గుడి ముందో, కమ్యూనిటీ హాల్లోనో పెద్దమనుషులు కూర్చుంటారు. ముందే రాసుకొచ్చిన పేర్లు చదివి "ఎవరికైనా అభ్యంతరముందా?" అని అడుగుతారు. ఎవరూ నోరు విప్పరు. చప్పట్లు కొడతారు, ఏకగ్రీవం. ఏకగ్రీవం కుదరకపోతే రెండో రకం. రెండు ప్యానెళ్ళు నిలబడతాయి. ఏడు సీట్లుంటే మనిషికి ఏడు ఓట్లు. సాయంత్రానికి ఒక ప్యానెల్ మొత్తం గెలుస్తుంది, రెండోది మొత్తం ఓడిపోతుంది. ఓడినవాళ్ళు మీటింగులకు రావడం మానేస్తారు, కొన్నాళ్ళకు మెయింటెనెన్స్ డబ్బులు ఇవ్వడం కూడా మానేస్తారు.

ఏకగ్రీవంలో ఏదైనా తేడా ఉంటే అది అందరికీ తెలుస్తూనే ఉంటుంది, పైకి అనకపోయినా. కానీ ఒక్క దొంగ ఓటు లేకుండా, అందరి ఎదుట లెక్కపెట్టిన ఎన్నిక కూడా అన్యాయంగా ఉండొచ్చన్నది అంత తేలిగ్గా కనబడదు. అందుకే ఆ రెండో రకం గురించే ఎక్కువ చెప్పాలి.

కర్నూల్లో హంద్రీ ఒడ్డున ఒక కాలనీ ఉందనుకుందాం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగి ఊరు మునిగినప్పుడు కింది వీధుల్లో మిద్దెల దాకా నీళ్ళు వచ్చాయి, పై వీధులకు అంత నష్టం రాలేదు. ఇప్పటికీ గట్టిగా వాన పడితే కింది వీధుల వాళ్ళకు నిద్ర పట్టదు. వాళ్ళకు కావలసింది మురుగుకాలువ పూడిక తీయించడం, వాన నీళ్ళు బయటికి పోయే దారి. పై వీధుల వాళ్ళకు కావలసింది కుళాయి నీళ్ళ ప్రెషర్, పార్కు, వీధి దీపాలు. మధ్యలో రెండు మూడు అపార్ట్‌మెంట్లు, వాటిలో చాలామంది అద్దెకున్నవాళ్ళు. వాళ్ళ గోల బోరు నీళ్ళు, పార్కింగ్, చెత్త బండి. ఓట్లు మొత్తం 300. పై వీధుల్లో 170, కింది వీధుల్లో 90, అపార్ట్‌మెంట్లలో 40. కమిటీకి ఏడుగురు కావాలి.

ఇప్పుడు మనిషికి ఏడు ఓట్లు ఇచ్చి చూడండి. పై వీధుల వాళ్ళు తమ ఏడుగురికీ వేస్తారు. ఆ ఏడుగురికీ తలా 170. కింది వీధుల వాళ్ళు ఎంత కట్టుగా వేసినా వాళ్ళ మనుషులకు తలా 90 దాటవు. ఏడుకు ఏడు సీట్లూ పైకే పోతాయి. కాలనీలో 130 ఓట్ల తరఫున కమిటీలో ఒక్కరూ ఉండరు. రిగ్గింగ్ లేదు, బెదిరింపు లేదు, లెక్కలో తప్పు లేదు. తప్పంతా పద్ధతిలోనే ఉంది. ఇక్కడ పై వీధులకు 170 ఉన్నాయి గానీ 151 ఉన్నా ఫలితం ఇదే. సగానికి ఒక్క ఓటు ఎక్కువున్న గుంపుకు మొత్తం సీట్లు అప్పగించే పద్ధతి ఇది. "మెజారిటీ మాట నెగ్గాలి కదా" అంటారు. నెగ్గాలి, నిజమే. కమిటీలో తీర్మానం పెట్టి చేతులెత్తినప్పుడు మెజారిటీ నెగ్గాలి. ఆ కమిటీలో కూర్చునే హక్కు కూడా మెజారిటీకే ఉండాలంటే, మిగతావాళ్ళ గోడు వినడానికి కూడా అక్కడ మనిషి ఉండడు.

సంఖ్యాబలం తక్కువున్న వాళ్ళ మాట మునిగిపోతుందేమోనన్న భయం సీమకు కొత్తది కాదు. 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికకు మూలం ఆ భయమే. ఆంధ్ర రాష్ట్రం వస్తే తీరప్రాంతం ముందు తాము సంఖ్యలో తేలిపోతామని సీమ నాయకులు అనుకున్నారు. అందుకే నీళ్ళలో ప్రాధాన్యం, అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం, జిల్లాకు ఇన్ని చొప్పున సమానంగా శాసనసభ సీట్లు అని ముందే రాయించుకున్నారు. ఆ ఒడంబడిక ఎంతవరకు అమలైందన్నది వేరే వాదన. నమ్మకం లేనిచోట ముందే నియమం రాసుకోవాలన్న వాళ్ళ ఆలోచన మాత్రం కాలనీకైనా రాష్ట్రానికైనా ఒకటే.

సరే, మనిషికి ఏడు ఓట్లు వద్దు, ఒక్క ఓటే ఇద్దామంటే? ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఏడుగురు గెలిచినట్టు. ఇది మొదటిదానికంటే నయం. 40 ఓట్లున్న అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఒక్కరిని నిలబెడితే గెలిపించుకోగలరు. కానీ ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. కింది వీధుల్లో ముగ్గురు నిలబడ్డారనుకోండి. 90 ఓట్లు వాళ్ళ మధ్య 32, 30, 28గా చీలాయి. పై వీధుల వాళ్ళు తెలివిగా ఐదుగురినే నిలబెట్టి తలా 34 పంచుకున్నారు. అప్పుడు అపార్ట్‌మెంట్లకు ఒకటి, పై వీధులకు ఐదు, కింది వీధులకు ఒక్కటి. పోనీ ఓట్లు చీలకుండా 70 ఓట్లు ఒక్క మంచి మనిషికే పడ్డాయనుకున్నా ఆ సీటు ఒక్కటే. అవసరానికి మించి ఆయనకు పడిన ఓట్లన్నీ వృథా. గెలుపంతా ఎంతమంది నిలబడాలి, ఎవరి ఓట్లు ఎవరికి సర్దాలి అన్న లెక్కల్లోకి వెళ్ళిపోతుంది. జపాన్ దిగువ సభకు చాలాకాలం ఈ పద్ధతిలోనే ఎన్నికలు జరిగాయి. ఒకే పార్టీ వాళ్ళు ఒకే నియోజకవర్గంలో ఒకరి మీద ఒకరు పోటీ పడి, ఓట్లు పంచుకోవడం ఒక పెద్ద విద్యగా మారింది. 1994లో దాన్ని మార్చుకున్నారు.

ఇంకొందరు వీధుల వారీగా విడగొడదామంటారు. వీధికో సీటు. మనుషుల అవసరాలు నేలను బట్టి ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది. సాగునీటి సంఘాలే చూడండి. 1997 చట్టం ప్రకారం ఆయకట్టును ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడగొట్టి ఒక్కో దాని నుంచి ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకునేలా ఏర్పాటు చేశారు. కేసీ కాలువ కింద ఎగువన ఉన్న రైతుకు, చివరి ఆయకట్టు రైతుకు ఉన్న తేడా నేలమీద గీత గీసినట్టు కనబడుతుంది కాబట్టి అక్కడ అది సబబు. కానీ మన కాలనీలో అద్దెకున్నవాళ్ళు అపార్ట్‌మెంట్లలోనే లేరు. ప్రతి వీధిలో మూడో నాలుగో ఇళ్ళు వాళ్ళవే, ఏ వీధిలోనూ వాళ్ళు మెజారిటీ కారు. వీధుల వారీగా పెడితే వాళ్ళకు ఎప్పటికీ సీటు రాదు. పైగా ఏ మలుపు దగ్గర ఏ వీధి ముగుస్తుందో గీసేవాడి చేతిలో ఎన్నిక ఉంటుంది.

ఈ చిక్కులన్నిటికీ నాకు సరైన జవాబుగా కనబడే పద్ధతి మనకు పరాయిది కాదు. రాజ్యసభ ఎన్నికలు జరిగేది దాంతోనే, రాష్ట్రపతి ఎన్నిక దాంతోనే, మన పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలూ దాంతోనే. మనిషికి ఒకటే ఓటు. కానీ ఆ ఓటు మీద 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాస్తారు. మొదటి మనిషికి ఆ ఓటు అవసరం లేకపోతే, లేదా ఆయన గెలిచే దారి లేకపోతే, ఓటు రెండో మనిషికి బదిలీ అవుతుంది. 19వ శతాబ్దం మధ్యలో డెన్మార్క్‌లో ఆండ్రే, ఇంగ్లండులో థామస్ హేర్ వేరువేరుగా ఈ ఆలోచన చేశారు. ఐర్లాండ్, మాల్టా దేశాలు వందేళ్ళకు పైగా తమ పార్లమెంటును ఇలాగే ఎన్నుకుంటున్నాయి.

మన కాలనీ 300 ఓట్లతోనే లెక్క చూద్దాం. ముందు గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలో తేల్చాలి. దీన్నే కోటా అంటారు. చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించాలి, శేషం వదిలేసి వచ్చినదానికి ఒకటి కలపాలి. 300ను 8తో భాగిస్తే 37 చిల్లర, ఒకటి కలిపితే 38. ఎందుకు 8 అంటే, ఏడుగురికి తలా 38 వస్తే 266 అయిపోతాయి, మిగిలేవి 34. ఎనిమిదో మనిషి 38కి చేరే వీలు లేదు. ఏడుగురిని మాత్రమే గెలిపించగల అతి చిన్న సంఖ్య అదే. రాజ్యసభ ఎన్నికలో మన ఎమ్మెల్యేలకు వేసే లెక్కా ఇదే. 175 మందీ ఓటేసి, అన్నీ చెల్లి, నాలుగు సీట్లుంటే, ఓటుకు 100 విలువ కట్టి 17,500ను 5తో భాగించి ఒకటి కలుపుతారు. 3,501 వస్తుంది. అంటే ఒక్కో సీటుకు 36 మంది ఎమ్మెల్యేలు కావాలి.

38 కోటా పెట్టుకుని మన గుంపులను చూడండి. పై వీధుల 170లో నాలుగు 38లు ఉన్నాయి, కింది వీధుల 90లో రెండు, అపార్ట్‌మెంట్ల 40లో ఒకటి. నాలుగు, రెండు, ఒకటి. ఎవరి గుంపు పరిమాణానికి తగ్గట్టు వాళ్ళకు సీట్లు. దీనికోసం వీధులను విడగొట్టనక్కరలేదు, ఎవరు ఏ గుంపో రాసుకోనక్కరలేదు. ప్యానెళ్ళు కూడా అక్కరలేదు. కింది వీధుల ఆవిడ ఒకరు తనకు నచ్చిన పై వీధి మనిషికి 1 వేసినా పద్ధతి ఆమెను అడ్డుకోదు.

బదిలీ ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి, ఎందుకంటే జనానికి అనుమానం వచ్చేది అక్కడే. కింది వీధుల్లో ముగ్గురు నిలబడ్డారు. రిటైరైన టీచరమ్మకు 57 తొలి ప్రాధాన్య ఓట్లు, మెడికల్ షాపు ఆయనకు 21, ఆటో నడిపే అతనికి 12. టీచరమ్మ 38 దాటేసింది, గెలిచింది. ఆమెకు అక్కరలేనివి 19 ఓట్లు. ఏ 19? పైనున్న చీటీలు తీసిస్తే అది అదృష్టం మీద ఆధారపడినట్టు. అందుకని 57 చీటీలనూ రెండో ప్రాధాన్యం ప్రకారం కుప్పలు వేస్తారు. 57లో 19 అంటే మూడో వంతు కాబట్టి ఒక్కో చీటీ మూడో వంతు విలువతో ముందుకు వెళ్తుంది. 39 చీటీల మీద రెండో పేరు మెడికల్ షాపు ఆయనది ఉంటే ఆయనకు 13 ఓట్లు చేరి 34 అవుతాయి. మిగతా 18 చీటీలు ఆటో అతనికి 6 ఓట్లు ఇచ్చి 18కి చేరుస్తాయి. ఇంకెవరికీ కోటాకు మించి ఓట్లు లేనప్పుడు అందరికంటే తక్కువున్న అభ్యర్థిని తీసేసి ఆ చీటీలను తర్వాతి పేరుకు పంపుతారు. ఆటో అతని వంతు వచ్చినప్పుడు ఆయన చీటీల్లో ఎక్కువ భాగం మెడికల్ షాపు ఆయనకే చేరతాయి, ఆయన 38 దాటతాడు. కింది వీధులకు రెండు సీట్లు. ముగ్గురు నిలబడ్డందుకు వాళ్ళ ఓట్లు చీలిపోలేదు. టీచరమ్మకు అందరూ ఎగబడి వేసినందుకు వృథా కాలేదు. ఓటరు తన మనసులో ఉన్న మాట రాస్తే చాలు.

ఇక్కడ నేను లెక్క తేలిగ్గా ఉండాలని మూడో వంతు వచ్చేలా అంకెలు తీసుకున్నాను. నిజం ఎన్నికలో భిన్నాలు ఇంత చక్కగా రావు. అందుకే రాజ్యసభలో లాగా ఒక్కో చీటీకి 100 విలువ కట్టుకుంటే మంచిది. అప్పుడు మన కోటా 3,751 అవుతుంది, చిల్లర బాధ దాదాపు పోతుంది. 300 చీటీలు, ఒక పెద్ద బల్ల, నలుగురు మనుషులు, ఒక నల్లబల్ల ఉంటే ఒక సాయంత్రంలో చేత్తోనే లెక్క తేల్చుకోవచ్చు. కంప్యూటర్ వాడుకున్నా సరే గానీ, కాలనీ ఎన్నికలో కళ్ళముందు కుప్పలు మారడం చూస్తే వచ్చే నమ్మకం స్క్రీన్ మీద అంకె చూస్తే రాదు.

పోటీలో ఉండేది ఒక్క సీటైతే, ఉదాహరణకు అధ్యక్ష పదవి అయితే, ఇదే ప్రాధాన్య ఓటు ఇంకోలా పనిచేస్తుంది. సగానికి పైగా ఓట్లు రావాలి. ఎవరికీ రాకపోతే చివరివాళ్ళను ఒక్కొక్కరిని తీసేస్తూ పోతారు. దీన్ని మనం ఈమధ్యే కళ్ళారా చూశాం. 2023 మార్చిలో కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాల పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎన్నికలో తొలి ప్రాధాన్య ఓట్లలో వెన్నపూస రవీంద్రారెడ్డి ముందున్నారు. అనంతపురంలో లెక్కింపు సాగి సాగి, ఎలిమినేషన్లన్నీ అయ్యాక రెండో ప్రాధాన్య ఓట్లతో భూమిరెడ్డి రామగోపాల్‌రెడ్డి గెలిచారు. అప్పుడు చాలామంది "ముందున్నవాడు ఎలా ఓడిపోతాడు?" అని ఆశ్చర్యపోయారు. మొదట ముందున్న మనిషికి సగం ఓట్లు లేవు. మిగతా ఓటర్లను "మీవాళ్ళు లేకపోతే ఇద్దరిలో ఎవరు?" అని అడిగితే వచ్చిన జవాబే ఆ ఫలితం.

దీనికంటే పెద్ద ఉదాహరణ కూడా మన సీమ మనిషిదే. 1969 రాష్ట్రపతి ఎన్నికలో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఎదురుగా వి.వి. గిరి, మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. ఓట్ల విలువ లెక్కలో తొలి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. మిగతావాళ్ళ ఓట్లు బదిలీ చేస్తే వాటిలో అత్యధికం సంజీవరెడ్డికే వచ్చాయి. దాదాపు 88 వేలున్న తేడా 15 వేలలోపుకు దిగింది. అయినా గిరి 4,20,077తో గెలిచారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. భారత రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్య ఓట్లతో తేలింది ఆ ఒక్కసారే. 1977లో ఆయన పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారు.

ఒక్క సీటు పోటీలో ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, అది కాలనీలో బాగా తగులుతుంది. పై వీధుల అభ్యర్థికి 130, కింది వీధుల అభ్యర్థికి 100, ఇద్దరితోనూ మంచిగా ఉండే మూడో మనిషికి 70 వచ్చాయనుకోండి. పై వాళ్ళందరికీ రెండో ఎంపిక ఆ మూడో మనిషే, కింది వాళ్ళందరికీ ఆయనే. ఆయన్ను పై అభ్యర్థితో ఒక్కడితో ఒక్కడుగా పోటీ పెడితే 170-130తో గెలుస్తాడు. కింది అభ్యర్థితో పెడితే 200-100తో గెలుస్తాడు. కానీ ఎలిమినేషన్ పద్ధతిలో అందరికంటే తక్కువ తొలి ప్రాధాన్యం ఉన్నది ఆయనకే కాబట్టి మొదట ఇంటికి పోయేది ఆయనే. అందరూ సర్దుకుపోగల మనిషి పోయి, సగం కాలనీకి గిట్టని మనిషి అధ్యక్షుడవుతాడు.

అందుకే ఏడుగురి కమిటీకి బదిలీ పద్ధతి, అధ్యక్షుడికి మాత్రం జతల లెక్క పెట్టుకోమని నా సలహా. చీటీ మార్చనక్కరలేదు, అదే 1, 2, 3. లెక్కపెట్టేటప్పుడు ప్రతి ఇద్దరినీ విడివిడిగా తూచి, ఎన్ని చీటీల మీద ఎవరు ఎవరికంటే ముందున్నారో చూస్తారు. ముగ్గురుంటే మూడు జతలు, నలుగురుంటే ఆరు, ఐదుగురుంటే పది. ప్రతి జతలోనూ నెగ్గినవాడే అధ్యక్షుడు. ఫ్రాన్సులో కాండోర్సే 1785లో రాసిన పద్ధతి ఇది. ఒక్కోసారి మొదటివాడు రెండోవాణ్ణి, రెండోవాడు మూడోవాణ్ణి, మూడోవాడు మళ్ళీ మొదటివాణ్ణి ఓడించే వింత కూడా జరుగుతుందని ఆయనే చూపించాడు. అలా జరిగితే ఎమ్మెల్సీ పద్ధతిలో తేల్చుకుంటామని ముందే ఒక వాక్యం రాసిపెట్టుకుంటే సరిపోతుంది.

ఏ లోపమూ లేని పద్ధతి ఉందా అంటే లేదు. ముగ్గురు లేదా అంతకుమించి అభ్యర్థులున్నప్పుడు, ఓటర్లు వాళ్ళను వరుసలో పెట్టే ఏ పద్ధతీ, న్యాయంగా కనబడే కొన్ని మామూలు షరతులన్నిటినీ ఒకేసారి నిలబెట్టుకోలేదని కెన్నెత్ ఆరో 1951లో గణితంతో రుజువు చేశాడు. 1972లో నోబెల్ అందుకున్నాడు. దీన్ని పట్టుకుని "ఏదైనా ఒకటే, పాతదే ఉంచుదాం" అనేవాళ్ళు ఉంటారు. లోపాలన్నీ ఒకే బరువువి కావు. ఎప్పుడో ఒకసారి వచ్చే వింత చిక్కుకూ, ప్రతి ఎన్నికలో 130 మందిని బయట నిలబెట్టడానికీ పోలికే లేదు.

పద్ధతికంటే ముందు తేల్చుకోవలసింది ఓటు ఎవరిదన్నది. చాలా సంఘాల్లో ఇంటికో ఓటు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే ఓటు వాళ్ళది. ఇల్లు ఎక్కువగా మగవాళ్ళ పేరు మీద ఉంటుంది. తెల్లవారుజామున కుళాయి ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని లేచి, మోటారు వేసి, సంపు నింపేది ఇంటి ఆడవాళ్ళు. ప్రెషర్ తగ్గిన రోజు బిందెలతో పక్కింటికి పోయేదీ వాళ్ళే. నీళ్ళ గురించి నిర్ణయించే కమిటీకి ఓటు వేసేది మాత్రం ఆ కుళాయి ఏ టైముకు వస్తుందో తెలియని మనిషి. ఇది నాకు అసలు మింగుడు పడదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటుండాలి. అద్దెకున్నవాళ్ళకూ ఉండాలి, ఆరు నెలలో ఏడాదో కాలనీలో ఉన్నవాళ్ళు అని ఒక గడువు పెట్టుకుని. స్థలాలు అమ్మడం, కొత్త కట్టడాలకు పెద్ద చందాలు వేయడం లాంటి ఆస్తి విషయాలు యజమానుల ఓటుకే వదిలేసి, నీళ్ళు, చెత్త, దీపాలు, కాపలా అందరి కమిటీకి అప్పగించవచ్చు.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళకు కేటాయించారు. కాలనీ కమిటీలోనూ కనీసం ముగ్గురు ఆడవాళ్ళు ఉండాలనుకుంటే బదిలీ పద్ధతిలో అది తేలిక. లెక్కింపులో నలుగురు మగవాళ్ళు గెలవగానే మిగతా మగ అభ్యర్థులను పోటీ నుంచి తీసేసి, వాళ్ళ చీటీలను తర్వాతి ప్రాధాన్యానికి పంపాలి. మిగిలిన మూడు సీట్లు ఆడవాళ్ళవే. ఏ వీధినీ "మహిళా వీధి" అని ముద్ర వేయనక్కరలేదు. ఆ ముగ్గురూ ఓట్లతోనే వస్తారు, కాబట్టి "మా ఆయన్ని అడగండి" అనే పరిస్థితి కొంతైనా తగ్గుతుంది.

రహస్యం సంగతి ఇంకా ముఖ్యం. చేతులెత్తే ఎన్నిక ఎంత చిన్న కాలనీలోనూ వద్దు. ఇల్లు అద్దెకిచ్చినాయన ముందు వరుసలో కూర్చుని ఉంటే అద్దెకున్నవాడి చెయ్యి ఎటు లేస్తుంది? అప్పు ఇచ్చినాయన చూస్తుంటే? ఊళ్ళలో ఏ వీధి ఎవరికి వేసిందో తెలిస్తే ఏమవుతుందో సీమలో పెరిగినవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. పెట్టెలు ఎన్ని ఉన్నా చీటీలన్నీ ఒకచోట పోసి కలిపాకే లెక్క మొదలుపెట్టాలి. ప్రాధాన్య ఓటులో ఇంకో ప్రమాదం ఉంది, చాలామందికి తట్టదు. అభ్యర్థులు పదిహేను మంది ఉండి పదిహేనుకూ వరుస రాయనిస్తే, ఓటు కొన్నవాడు "నాకు 1 వెయ్యి, ఫలానా వాళ్ళకు 13, 9, 11 వెయ్యి" అని ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు ఇచ్చి, లెక్కింపులో ఆ చీటీని కనిపెట్టగలడు. అందుకని ఐదు ప్రాధాన్యాల దగ్గర ఆపడం మంచిది. ఐదు పేర్లు అయిపోయి ముందుకు వెళ్ళలేని చీటీలు కొన్ని మిగులుతాయి, చివరి సీటు కోటాకు కొంచెం తక్కువతోనే తేలవచ్చు. ఆ నష్టం భరించదగ్గదే.

ఎమ్మెల్సీ ఎన్నికల్లో డిగ్రీ చదివినవాళ్ళ ఓట్లే వేలకు వేలు చెల్లకుండా పోతాయి. 1 అని అంకె వేయాల్సిన చోట టిక్కు పెడతారు, ఇద్దరికి 1 వేస్తారు, సంతకం పెడతారు, ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్ను వదిలేసి జేబులో పెన్నుతో రాస్తారు. కాలనీలో అంత కఠినంగా ఉండే పని లేదు. ఒక్కరికే టిక్కు పెడితే దాన్ని 1 కింద తీసుకోవచ్చు. 1 తర్వాత 3 వేసి 2 మరిచిపోతే మొదటి ప్రాధాన్యం వరకు చెల్లుబాటు చేయవచ్చు. ఇవన్నీ ఎన్నికకు ముందే రాసి గోడకు అంటించాలి. చీటీ మీద పేరు పక్కన ఫోటో ఉంటే చదువు రానివాళ్ళకూ ఇబ్బంది ఉండదు, ఫోన్‌లో నంబరు నొక్కే ప్రతి మనిషికీ 1, 2, 3 వచ్చు. వారం ముందు పండ్ల పేర్లతో ఒక ఉత్తుత్తి ఎన్నిక పెట్టి, మామిడి, సీతాఫలం, దానిమ్మ, చీనీ మీద ఓట్లు వేయించి అందరి ముందు లెక్కపెడితే అనుమానాలు సగం అక్కడే తీరిపోతాయి. పిల్లలు ముందుంటారు, వాళ్ళే ఇంట్లో పెద్దలకు నేర్పుతారు.

ఇక ఏకగ్రీవం. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వం ప్రోత్సాహక నిధులు ఇస్తూ వచ్చింది కాబట్టి, అది ఊరి ఐకమత్యానికి గుర్తన్న అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. నిజంగా అందరూ ఒప్పుకుంటే సంతోషమే. దాన్ని తెలుసుకోవడానికి ఒకే దారి ఉంది. నామినేషన్లు పది రోజుల పాటు ఒక డబ్బాలో వేయనివ్వాలి, ఎవరి పేరైనా ఇద్దరు బలపరిస్తే చాలు. డబ్బా తెరిచాక ఏడు పేర్లే ఉంటే ఏకగ్రీవం. ఎనిమిదో పేరుంటే ఓటింగ్. ఆ ఎనిమిదో మనిషిని "విత్‌డ్రా చేసుకో" అని రాత్రి ఇంటికొచ్చి అడిగే అవకాశం లేకుండా, పేరు వెనక్కి తీసుకోవాలంటే ఎన్నికల బాధ్యుల ముందు, అందరి ఎదుట, పగటిపూట మాత్రమే తీసుకోవాలని నియమం ఉండాలి.

నియమాలన్నీ అభ్యర్థుల పేర్లు బయటికి రాకముందే ఖాయం కావాలి. పేర్లు వచ్చాక ఎవరు ఏ పద్ధతి అడిగినా అది వాళ్ళ మనిషి కోసమే అనిపిస్తుంది, చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. రిజిస్టరైన సంఘమైతే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి బైలాస్‌లో చేర్చి రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి. కోటా సూత్రం, మిగులు ఓట్ల బదిలీ, ఓట్లు సమానమైతే చీటీ తీయడం, చెల్లని ఓటుకు నిర్వచనం, ఎవరైనా మధ్యలో రాజీనామా చేస్తే పాత చీటీలను మళ్ళీ లెక్కపెట్టి ఆ సీటు నింపడం, అన్నీ అందులో ఉండాలి. ఆ చివరిదాని కోసం చీటీలను కమిటీ గడువు తీరేదాకా సీలు వేసిన కవరులో దాచాలి, కవరు మీద మూడు గుంపుల నుంచీ ఒక్కొక్కరి సంతకం ఉండాలి.